రేడియేషన్ తర్వాత స్కాన్‌లో మచ్చ పెరిగితే ట్యూమర్ తిరిగొచ్చినట్టేనా?

మీ నాన్నగారికి మెదడు ట్యూమర్‌కి రేడియేషన్ పూర్తయి రెండు నెలలైందని, కొత్త ఎమ్మారైలో మచ్చ పెద్దదైందని, రేడియేషన్ వల్ల మెదడు రక్షణ గోడ దెబ్బతింటుందా అని అడిగారు. దెబ్బతింటుంది. అంతమాత్రాన ఆ మచ్చంతా ట్యూమరే అనుకోకండి. మా అక్కకి గ్లయోబ్లాస్టోమా, అంటే వేగంగా పెరిగే మెదడు క్యాన్సర్. తన మొదటి స్కాన్ కూడా ఇలాగే వచ్చింది, ఇంట్లో ఎవరికీ నిద్రల్లేవు.

మెదడులోని సన్నటి రక్తనాళాల గోడల్లో కణాలు ఒకదానికొకటి గట్టిగా అతుక్కుని ఉంటాయి. క్లాడిన్-5, ఆక్లూడిన్ లాంటి ప్రోటీన్లు ఆ సందుల్ని బిగించి ఉంచుతాయి. మెదడు రక్షణ గోడ అంటే ఇదే. స్కాన్‌కి ముందు నరంలోకి ఎక్కించే గాడోలినియం అనే మందు ఈ గోడ బాగున్నచోట మెదడులోకి దిగదు, కారుతున్నచోట తెల్లగా మెరుస్తుంది. ఆ కారడం ట్యూమర్ వల్లా, రేడియేషన్ వల్లా అన్నది ఆ తెలుపుని బట్టి మాత్రమే తేల్చలేరు. డాక్టరుగారు పాత, కొత్త స్కాన్లు పక్కపక్కన పెట్టి ఈ మాట చెప్పాకే మేం కాస్త తేరుకున్నాం.

రేడియేషన్ తగిలిన గోడ కణాల్లో కొన్ని త్వరగానే చనిపోతాయి, అతుకులు సడలుతాయి, నీరు చేరి వాపు వస్తుంది. ఆ తర్వాత రోగనిరోధక వ్యవస్థ రంగంలోకి దిగుతుంది. మెదడులోనే ఉండే మైక్రోగ్లియా అనే రోగనిరోధక కణాలు దెబ్బను పసిగట్టి టీఎన్‌ఎఫ్-ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-1 లాంటి వాపు పెంచే ప్రోటీన్లను విడుదల చేస్తాయి. వాటి ప్రభావంతో నాళం గోడ మీద ఐక్యామ్-1 అనే ప్రోటీన్ పెరుగుతుంది. రక్తంలో పోతున్న తెల్లకణాలు దాన్ని పట్టుకుని లోపలికి దూరి, వాపును ఇంకా పెంచుతాయి. మానుతున్న పుండును మళ్లీ మళ్లీ గీరినట్టే. ఆక్సిజన్ అందని కణాలు వదిలే వీఈజీఎఫ్ అనే ప్రోటీన్ కూడా నాళాల్ని మరింత కారేలా చేస్తుంది. అందుకే చికిత్స ఆగిన నెలల తర్వాత కూడా మచ్చ పెరగొచ్చు.

రేడియేషన్, టెమొజోలొమైడ్ అనే కీమో మందు కలిపి ఇచ్చాక మొదటి మూడు నెలల్లో ఇలా కనిపించి, తర్వాత దానంతటదే తగ్గితే సూడోప్రోగ్రెషన్ అంటారు, అంటే ట్యూమర్ పెరిగినట్టు పైకి కనిపించడమే. మెదడు ట్యూమర్ చికిత్సకి ఎలా స్పందిస్తోందో స్కాన్లలో అంచనా వేయడానికి డాక్టర్లు వాడే 2010 నాటి రానో ప్రమాణాలు కూడా మొదటి 12 వారాల్లో, రేడియేషన్ పడిన చోటే మచ్చ పెరిగితే తొందరపడి ట్యూమర్ పెరిగిందనొద్దనే చెప్పాయి. అక్కకి అదే జరిగింది, తర్వాతి స్కాన్లలో మచ్చ కుంచించుకుపోయింది. అందరికీ ఇలాగే అవుతుందని మాత్రం చెప్పలేను, నిజంగా పెరిగే కేసులూ ఉంటాయి. రక్తప్రవాహాన్ని చూపించే పెర్ఫ్యూజన్ ఎమ్మారై చేయించవచ్చా అని అడగండి. ట్యూమర్‌లో సాధారణంగా రక్తప్రవాహం ఎక్కువగా, రేడియేషన్ దెబ్బలో తక్కువగా కనిపిస్తుంది. రెండూ కలిసి ఉండటం కూడా మామూలే.

వాపు తగ్గించే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెట్టిన కొద్ది రోజులకే అక్క తన జాకెట్టు హుక్కులు తనే పెట్టుకోగలిగింది. ఆ మందు కారడాన్ని తగ్గిస్తుంది కాబట్టి స్కాన్‌లో మచ్చ కూడా చిన్నగా కనిపించొచ్చు. ప్రతి స్కాన్ నాటికి ఎంత డోసు వాడుతున్నారో రాసి పెట్టుకుని డాక్టరుకి చూపించండి. షుగర్ చూసుకుంటూ ఉండండి, సొంతంగా ఒక్కసారిగా ఆపేయకండి. ఇమ్యునోథెరపీ (రోగనిరోధక శక్తితో క్యాన్సర్‌ని ఎదుర్కొనే చికిత్స) ఆలోచన ఉంటే ముందే చెప్పండి, స్టెరాయిడ్ దాని పనిని నీరుగార్చవచ్చు.

తలనొప్పి పెరుగుతున్నా, వాంతులవుతున్నా, మత్తుగా పడి ఉంటున్నా, ఫిట్స్ వచ్చినా తర్వాతి స్కాన్ తేదీ దాకా ఆగకండి, వెంటనే తీసుకెళ్లండి.