బ్యాకప్‌కి వేరే నెట్‌వర్క్ కార్డు: డీబీఏ ఇంటర్వ్యూలో ‘ఆ తర్వాత?’ అంటే ఏం చెప్పాలి

ప్రశ్న: ఎంసీఏ పూర్తయింది. లైనక్స్, పోస్ట్‌గ్రెస్ నేర్చుకున్నాను. హైదరాబాద్‌లో జూనియర్ డీబీఏ (డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్) ఇంటర్వ్యూలో ఎస్‌క్యూఎల్ ప్రశ్నలకు బాగానే చెప్పాను. చివర్లో, ‘డేటాబేస్ బ్యాకప్ ప్రొడక్షన్ నెట్‌వర్క్ మీద కాకుండా వేరే కార్డు మీదుగా వెళ్లాలి, ఎలా చేస్తారు?’ అని అడిగారు. ‘ఇంకో కార్డు పెట్టి ఐపీ ఇస్తాం’ అన్నాను. ‘ఆ తర్వాత?’ అన్నారు. ఆగిపోయాను. ఇది డీబీఏ పనేనా? ఇంట్లో సాధన చేసే వీలుందా? సీసీఎన్ఏ (సిస్కో నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్) కూడా చేయాలా?

జవాబు: కేబుల్ లాగడం, స్విచ్‌లో వీల్యాన్ (ఒకే స్విచ్‌లో విడదీసిన నెట్‌వర్క్) ఇవ్వడం నెట్‌వర్క్ టీమ్ పని. బ్యాకప్ నిజంగా ఆ కార్డులోంచే పోతోందని తేల్చుకోవాల్సింది మాత్రం డీబీఏ. కార్డు పెట్టినంత మాత్రాన ట్రాఫిక్ అటు మళ్లదు. మిమ్మల్ని ‘ఆ తర్వాత?’ అని అడిగింది అందుకే.

ఇలాంటి ప్రశ్నకు లెక్కతో మొదలుపెట్టండి. 1 గిగాబిట్ లింకు అంటే కాగితం మీద సెకనుకు 125 ఎంబీ, చేతికొచ్చేది 110 దాకా. 2 టీబీ డేటాబేస్ ఫుల్ బ్యాకప్‌కి 5 గంటలు. రాత్రి 11కి మొదలైతే తెల్లారి 4 దాకా యాప్ సర్వర్ల క్వెరీలు, బ్యాకప్ ఒకే కార్డులో కొట్టుకుంటాయి. 10 గిగాబిట్ కార్డైతే లెక్క ప్రకారం అరగంట. కానీ సెకనుకు 1,100 ఎంబీ చదవడం డిస్కుకు చేతనవుతుందా? చాలాచోట్ల అక్కడే ఆగిపోతుంది. ఈ నాలుగు మాటలు చెబితే అడిగేవాళ్లు కుర్చీలో ముందుకు జరుగుతారు.

ఇక అమరిక. బ్యాకప్ కార్డుకు పూర్తిగా వేరే సబ్‌నెట్ (ఐపీల సిరీస్) ఇవ్వాలి. ప్రొడక్షన్ 192.168.56 సిరీస్‌లో ఉంటే బ్యాకప్‌కి 10.20.30 సిరీస్. రెండు కార్డులకూ ఒకే సబ్‌నెట్ ఇస్తే ఏమవుతుంది? ప్యాకెట్ ఏ కార్డులోంచి పోవాలో లైనక్స్ నిర్ణయించేది రూటింగ్ టేబుల్ (ఏ నెట్‌వర్క్‌కు ఏ దారో రాసిన జాబితా) చూసి. మీరు బ్యాకప్ ఐపీయే వాడినా డేటా ప్రొడక్షన్ కార్డులోంచే పోవచ్చు. ఎర్రర్ రాదు, బ్యాకప్ సక్సెస్ అనే చూపిస్తుంది. నెలల తరబడి ఎవరూ గమనించని తప్పు ఇదే.

డిఫాల్ట్ గేట్‌వే (వేరే దారి తెలియని ప్యాకెట్లన్నీ వెళ్లే రూటర్) ప్రొడక్షన్ కార్డుకు మాత్రమే ఉండాలి. బ్యాకప్ కార్డుకు ఆ గడి ఖాళీగా వదిలేయండి. రెండు సర్వర్లూ ఒకే బ్యాకప్ సబ్‌నెట్‌లో ఉంటే ఇంతే చాలు. పెద్ద కంపెనీల్లో బ్యాకప్ సర్వర్ వేరే సబ్‌నెట్‌లో, ఉదాహరణకు 10.20.40లో ఉంటుంది. అసలు తలనొప్పి అక్కడ. దాన్నుంచి రిక్వెస్ట్ బ్యాకప్ కార్డుకే వస్తుంది, జవాబు మాత్రం డిఫాల్ట్ గేట్‌వే పట్టుకుని ప్రొడక్షన్ వైపు వెళ్లబోతుంది. రెడ్‌హ్యాట్ కుటుంబపు లైనక్స్‌లో రివర్స్ పాత్ ఫిల్టర్ (ప్యాకెట్ వచ్చిన కార్డులోంచే దానికి జవాబు పోతుందా అని చూసే తనిఖీ) స్ట్రిక్ట్‌గా ఉంటే ఆ రిక్వెస్ట్‌నే చప్పుడు లేకుండా పారేస్తుంది. ఫిల్టర్ ఆఫ్ చేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. ఆఫ్ చేస్తే రిక్వెస్ట్ లోపలికొస్తుంది గానీ జవాబు తప్పుదారిలోనే పోతుంది, మధ్యలో ఉన్న ఫైర్‌వాల్ దాన్ని ఆపేస్తుంది. చేయాల్సింది స్టాటిక్ రూట్: ‘10.20.40 నెట్‌వర్క్‌కు వెళ్లాలంటే బ్యాకప్ వైపు గేట్‌వే ద్వారా వెళ్లు’ అని డేటాబేస్ సర్వర్లో రాయడం, రీబూట్ అయినా పోకుండా సేవ్ చేయడం.

తర్వాత పేర్లు. బ్యాకప్ సాఫ్ట్‌వేర్ చాలావరకు హోస్ట్‌నేమ్‌తో పనిచేస్తుంది. ఆ పేరు ప్రొడక్షన్ ఐపీకి తేలితే మీరు వేసిన దారంతా వృథా. బ్యాకప్ ఐపీకి వేరే పేరు పెట్టి రెండువైపులా హోస్ట్స్ ఫైల్లో రాయండి. విండోస్‌లో దీనికి ఎదురు సమస్య: బ్యాకప్ కార్డు తన ఐపీని తనే డీఎన్ఎస్‌లో నమోదు చేసుకుంటుంది. పొద్దున్నే యాప్ సర్వర్లు కొన్ని ఆ ఐపీకి కనెక్ట్ కావాలని చూసి టైమౌట్ అవుతాయి, నింద డేటాబేస్ మీద పడుతుంది. కార్డు డీఎన్ఎస్ సెట్టింగ్స్‌లో ఆ రిజిస్టర్ టిక్కు తీసేయాలి.

పోస్ట్‌గ్రెస్‌లో లిజన్ అడ్రసెస్‌లో (ఏ ఐపీల మీద కనెక్షన్లు తీసుకోవాలో చెప్పే సెట్టింగ్) బ్యాకప్ ఐపీ లేకపోతే కలపాలి, దానికి రీస్టార్ట్ తప్పదు. బేస్ బ్యాకప్ రిప్లికేషన్ కనెక్షన్ మీద నడుస్తుంది కాబట్టి, హెచ్‌బీఏ ఫైల్లో (ఎవరు ఎక్కడినుంచి కనెక్ట్ కావచ్చో రాసే ఫైలు) బ్యాకప్ సబ్‌నెట్‌కు రిప్లికేషన్ అని ప్రత్యేకంగా లైను రాయాలి. డేటాబేస్ గడిలో ‘ఆల్’ అని ఉన్నా అందులో రిప్లికేషన్ కలవదు. కొత్తవాళ్లు తరచూ ఇక్కడే ఇరుక్కుంటారు. ఈ మార్పుకు రీలోడ్ చాలు.

జంబో ఫ్రేమ్స్ అంటే ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు, బైట్లలో) మామూలు 1500 బదులు 9000 పెట్టడం. రెండు సర్వర్లలో, మధ్య ఉన్న ప్రతి స్విచ్ పోర్టులో ఉంటేనే పెట్టండి. మధ్యలో ఒక్క స్విచ్ పోర్టులో 1500 మిగిలినా మామూలు పింగ్ వెళ్తుంది, లాగిన్ అవుతుంది, బ్యాకప్ మాత్రం మొదలై వేలాడుతుంది. ఫ్రాగ్మెంట్ కావద్దని చెప్పి 8972 బైట్ల పింగ్ పంపితే దొంగ దొరుకుతాడు. 9000లోంచి ఐపీ హెడర్ 20, ఐసీఎంపీ హెడర్ 8 తీసేస్తే మిగిలేది అంత.

సాధనకు 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్, వర్చువల్‌బాక్స్ చాలు. తలా 1.5 జీబీతో రెండు లైనక్స్ మెషీన్లు పెట్టండి. మొదటి అడాప్టర్ హోస్ట్ ఓన్లీ (ల్యాప్‌టాప్, మెషీన్ల మధ్య మాత్రమే), అది మీ ప్రొడక్షన్. రెండోది ఇంటర్నల్ నెట్‌వర్క్ (మెషీన్ల మధ్య మాత్రమే), అది బ్యాకప్. ప్యాకేజీలు దించుకోవడానికి మూడోది నాట్ (ల్యాప్‌టాప్ మీదుగా ఇంటర్నెట్). ప్రొడక్షన్ పాత్ర నాట్‌కు ఇవ్వకండి, అందులో రెండు మెషీన్లు ఒకదానికొకటి కనబడవు. పీజీబెంచ్‌ను (పోస్ట్‌గ్రెస్‌తో వచ్చే టెస్ట్ టూల్) స్కేల్ 100తో నడిపితే సుమారు 1.5 జీబీ డేటా తయారవుతుంది. ముందు ఐపెర్ఫ్‌3 టూల్‌తో లింకు వేగం చూసి, తర్వాత రెండో మెషీన్ నుంచి పీజీ బేస్ బ్యాకప్ తీయండి. అది నడుస్తుండగా ఇంకో టెర్మినల్లో సార్ కమాండ్‌తో ఏ కార్డు అంకెలు పెరుగుతున్నాయో చూడండి. ‘ఐపీ రూట్ గెట్’ అని కొట్టి అవతలి ఐపీ ఇస్తే కెర్నల్ ఏ కార్డును ఎంచుకుంటుందో అదే చెబుతుంది.

ఆ తర్వాత కావాలని చెడగొట్టండి: ఒకే సబ్‌నెట్ ఇవ్వడం, హోస్ట్స్ ఫైల్లో తప్పు ఐపీ, ఒకవైపే ఎంటీయూ 9000 (దీన్ని 8972 బైట్ల పింగ్‌తో చూడండి). ఒక్కోదానికీ కనిపించిన లక్షణం నోట్సులో రాసుకోండి. తీసిన బ్యాకప్‌ను ఖాళీ మెషీన్ మీద రీస్టోర్ చేసి ఎంతసేపు పట్టిందో కూడా రాయండి. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్న దాదాపుగా అదే వస్తుంది.

భద్రత గురించి అడిగితే ఒక్క మాట చాలు: బ్యాకప్ నెట్‌వర్క్ అన్ని డేటాబేస్ సర్వర్లనూ కలుపుతుంది కాబట్టి, ఒకటి హ్యాకైతే మిగతావాటికి అదే దొడ్డిదారి. బ్యాకప్ సర్వర్‌తో, కావాల్సిన పోర్టులో మాత్రమే మాట్లాడేలా ఫైర్‌వాల్ ఉండాలి.

క్లౌడ్‌లో ఇదంతా అక్కర్లేదనే వాదన సగమే నిజం. అమెజాన్ ఆర్‌డీఎస్‌లో (అమెజానే నడిపిపెట్టే డేటాబేస్ సేవ) కార్డు మీ చేతికి రాదు. ఈసీ2 (అమెజాన్ అద్దె సర్వర్) మీద సొంతంగా నడిపే డేటాబేస్ బ్యాకప్ ప్రైవేట్ సబ్‌నెట్ నుంచి నాట్ గేట్‌వే మీదుగా ఎస్‌3 స్టోరేజీకి పోతే ప్రతి జీబీకీ ప్రాసెసింగ్ ఛార్జీ పడుతుంది. ఎస్‌3కి నేరుగా దారి ఇచ్చే గేట్‌వే ఎండ్‌పాయింట్ పెట్టి రూట్ టేబుల్లో చేరిస్తే ఆ ఖర్చు ఉండదు. అక్కడా పని రూటింగ్‌దే.

సీసీఎన్ఏ పరీక్షకు ఇప్పుడే డబ్బు కట్టకండి. అందులో సబ్‌నెట్టింగ్, వీల్యాన్, స్టాటిక్ రూట్ వరకు చదివితే డీబీఏకి సరిపోతుంది. సర్టిఫికెట్ కావాలనుకుంటే ముందు ఆర్‌హెచ్‌సీఎస్ఏ (రెడ్‌హ్యాట్ లైనక్స్ సర్టిఫికెట్) రాయండి. అది మెషీన్ మీద చేసి చూపించే పరీక్ష, నెట్‌వర్క్ అమరిక కూడా అందులో ఉంటుంది. రెజ్యూమెలో ‘బ్యాకప్ పరిజ్ఞానం’ అన్న లైను తీసేసి, ల్యాబ్‌లో ఏ అమరిక చేశారో, ఎంత డేటాకు ఎంత సమయం పట్టిందో రాయండి.