ఎగ్జిక్యూటర్‌గా ఉన్న చిన్నాయన లెక్కలు చెప్పట్లేదు, అడగొచ్చా?

సందేహం: మాది తిరుపతి. నాన్న పోయి 14 నెలలైంది. రిజిస్టర్ చేసిన వీలునామాలో ఇల్లు అన్నకు, బంగారుపాళ్యం దగ్గరి మామిడి తోట నాకు రాశారు. ఇవి పోగా మిగిలినదంతా, అంటే బ్యాంకు డిపాజిట్లు, ప్రామిసరీ నోట్ల మీద ఇచ్చిన అప్పులు ఇద్దరికీ సమానంగా అన్నారు. ఎగ్జిక్యూటర్ (వీలునామా అమలు చేసే బాధ్యుడు) మా చిన్నాయన. తోతాపురి కాయ అమ్మిన డబ్బు ఎంతో చెప్పడు. అడిగితే ‘నన్నే లెక్కలడుగుతావా’ అంటాడు. నాన్న అప్పులు తీర్చాలి, తోట అమ్మేద్దామంటున్నాడు. కొనేది ఆయన కొడుకే. ప్రొబేట్ (వీలునామాకు కోర్టు ధ్రువీకరణ) తీసుకోలేదు. ఏం చేయను?

జవాబు: నిరభ్యంతరంగా అడగండమ్మా. ఆస్తి ఆయన చేతిలో ఉన్నది మీ నాన్న ప్రతినిధిగానే, సొంతదారుగా కాదు. లెక్క అడిగితే దొంగ అన్నట్టు కాదు. మన ఇళ్లలో ఈ రెంటినీ కలిపేసుకుని ముఖాలు మాడ్చుకుంటాం, అంతే.

ముందు ఆయన పక్షాన ఒక మాట. భారత వారసత్వ చట్టం, 1925 ప్రకారం చనిపోయిన రోజు నుంచి ఏడాది దాకా వాటాలు ఇచ్చేయాలని ఎగ్జిక్యూటర్‌ను ఒత్తిడి చేయలేరు. అంత్యక్రియలు, ఆఖరి జబ్బు ఖర్చులు, తర్వాత అప్పులు తీర్చి, ఆ తర్వాతే పంచాలి. కానీ మీకు ఆ ఏడాది గడిచిపోయింది.

ఇక తోట. అప్పులకు ముందుగా వాడాల్సింది ‘మిగిలినదంతా’ అని రాసిన భాగాన్ని. డిపాజిట్లు ఉండగా పేరు పెట్టి మీకు రాసిన తోట మీద చెయ్యి వేయడం సరికాదు. అసలు అప్పులెంత, ఎవరికి, ఏ కాగితం మీద అన్నది చూపించమనండి. ఎగ్జిక్యూటర్ నేరుగా గానీ, ఇంకొకరిని అడ్డం పెట్టి గానీ ఎస్టేట్ (చనిపోయినవారు వదిలివెళ్లిన) ఆస్తి కొంటే, అదే వారసత్వ చట్టం 310వ సెక్షన్ కింద ఆ అమ్మకాన్ని మీరు రద్దు చేయించవచ్చు. కొడుకు పేరున కొన్నా, వెనక డబ్బు, లాభం తండ్రివని తేలితే ఇదే వర్తిస్తుంది. ఈసీ (ఆస్తిపై రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం) తీయించి చూడండి, అమ్మకం ఇప్పటికే జరిగిందేమో తెలుస్తుంది.

కాయ డబ్బు మీదే. ప్రత్యేకంగా రాసిచ్చిన ఆస్తి మీద నాన్న పోయిన రోజు నుంచి వచ్చే నికర ఆదాయం ఆ ఆస్తి పొందేవారికే చెందుతుంది. మందు కొట్టిన ఖర్చు, కాపలా, కోత కూలి తీసేసుకోనివ్వండి. గుజ్జు ఫ్యాక్టరీ కాటా చీటీలు అడగండి. టన్నులు, ధర వాటిలోనే ఉంటాయి.

నాకు తోట కన్నా ప్రామిసరీ నోట్ల గురించే ఎక్కువ భయంగా ఉంది. అడిగినప్పుడు తీర్చే షరతుతో రాసిన నోటుకు తేదీ నుంచి మూడేళ్లే గడువు. ఈలోగా కొంత కట్టి నోటు వెనక చెల్లు రాసి సంతకం పెడితే అక్కడి నుంచి గడువు మళ్లీ మొదలవుతుంది. వసూలు చేయగలిగిన అప్పును గాలికొదిలేసి కాలదోషం పట్టిస్తే ఆ నష్టం ఎగ్జిక్యూటర్ జేబులోంచే పూడ్చాలి. ఈ వారమే నోట్ల తేదీలు చూడండి. గడువు దగ్గరైతే దావా వేయమని చిన్నాయనకు రాతపూర్వకంగా చెప్పండి.

చిత్తూరు, తిరుపతి ప్రాంతపు ఆస్తులకు హిందువుల వీలునామాపై ప్రొబేట్ తప్పనిసరి కాదు. తీసుకుని ఉంటే ఆరు నెలల్లో ఆస్తుల జాబితా, ఏడాదిలో లెక్కలు కోర్టుకు ఇవ్వాల్సి వచ్చేది. తీసుకోకపోయినా లెక్క చెప్పే బాధ్యత పోదు. ఆయన ఒప్పుకుంటేనే తోట హక్కు మీకు పూర్తవుతుంది. నోటి మాటైనా చాలు గానీ, మ్యుటేషన్ (రెవెన్యూ రికార్డుల్లో పేరు మార్పు) కోసం కాగితం మీద రాయించుకోవడమే మేలు.

స్పీడ్ పోస్టులో మర్యాదగానే ఒక ఉత్తరం రాయండి. ఆస్తులు, అప్పులు, వసూళ్లు, ఖర్చులు రసీదులతో 15 రోజుల్లో చూపమని అడగండి. అన్నతో కూడా సంతకం పెట్టించండి, ఆయన వాటా కూడా అందులో ఉందిగా. కదలిక లేకపోతే లాయర్ నోటీసు, ఆపైన ఎస్టేట్ పరిపాలన, లెక్కల కోసం సివిల్ దావా, తోట అమ్మకుండా మధ్యంతర ఉత్తర్వు. ఎగ్జిక్యూటర్‌నే తొలగించమని హైకోర్టుకు వెళ్లే దారి వారసత్వ చట్టం 301వ సెక్షన్‌లో ఉంది. అయితే ఉత్తరానికి జవాబు చూడకుండా అంత దూరం పోవద్దని నా సలహా.