ఈ వయసులో కార్డిగన్ వేసుకుంటే సోకా?

ప్రశ్న: మాది హనుమకొండ. నాకు 54 ఏళ్లు. ములుగు వైపు ఒక జెడ్పీ హైస్కూల్లో టీచర్‌ని, పొద్దున 7 గంటల బస్సుకు పోతాను. మా అబ్బాయి ఇంజినీరింగ్‌లో వేసుకుని వదిలేసిన జిప్పు స్వెట్టర్‌నే ఇన్నేళ్లూ చలికాలంలో చీర మీద వేసుకున్నాను. ఈసారి మా అమ్మాయి హైదరాబాద్ నుంచి మోకాళ్ల దాకా వచ్చే ఆవపువ్వు రంగు కార్డిగన్, అదే ముందు వైపు గుండీలుండే స్వెట్టర్, తెచ్చింది. మొదటి రోజు వేసుకుంటే మా ఆయన "ఏందే, చిన్నపోరి లెక్క తయారైనవ్" అన్నారు. ఆ వారమే ఒక ఫంక్షన్‌లో మా ఆడబిడ్డ నలుగురి ముందు "వదినెకు ఈమధ్య సోకులెక్కువైనయ్" అని నవ్వింది. తీసి అల్మారాలో పెట్టేశాను. మొన్న స్కూల్లో తీసిన ఫొటోలో పాత స్వెట్టర్‌తో నన్ను నేను చూసుకుంటే ఏడుపొచ్చింది. అమ్మాయేమో తెచ్చింది వేసుకోవడం లేదని అలిగింది. వేసుకుంటే వయసు దాచుకుంటున్నట్టు ఉంది, లేకుంటే ముసలిదాన్నైపోయినట్టు ఉంది. ఒక్కోసారి క్లాసులో ఉన్నట్టుండి చెమటలు పట్టి, కాసేపటికే వణుకు పుడుతుంది కూడా. ఇంత చిన్నదానికి రాస్తున్నానని ఏమీ అనుకోవద్దు.

జవాబు: అమ్మా, ఇది చిన్న విషయమని మీకు ఎవరు చెప్పారు? రోజూ బస్సెక్కి, వందమంది పిల్లల ముందు నిలబడే మనిషికి తను ఎలా ఉన్నానన్న ధైర్యం కావాలి. అది పోయిందని బాధపడుతున్నారు. మీరు రాయడం మంచిదైంది.

మీ ఉత్తరం చదివితే నాకు తోచింది ఇది. ఆ కొత్త కార్డిగన్ వేసుకున్నప్పుడు మీకే ఏదో కుదరలేదనిపించింది. సరిగ్గా అప్పుడే ఇంట్లో ఆ మాట పడింది. దాంతో కుదరకపోవడానికి కారణం మీ వయసేనని నమ్మేశారు. కారణం దాని పొడవు. మోకాళ్ల దాకా వచ్చే కార్డిగన్ చీర మీద పాతికేళ్ల పిల్లకైనా కుదరదు. కుచ్చిళ్లు సగం మూసుకుపోతాయి, భుజం దగ్గర కొంగు ఉబ్బుతుంది, మనిషి పొట్టిగా, వెడల్పుగా కనిపిస్తుంది. మీ అమ్మాయి ప్రేమతోనే తెచ్చింది, కాకపోతే తను వేసుకునే కుర్తాలను మనసులో పెట్టుకుని కొన్నది. అబ్బాయి స్వెట్టర్ సంగతీ అంతే. అది ఇరవై ఏళ్ల కుర్రాడి భుజాలకు కుట్టినది. మీ మీద భుజాలు జారి, చేతులు వేళ్ల దాకా వచ్చి, వీపు వంగినట్టు చేస్తుంది. ఫొటోలో మీరు చూసింది ముసలితనాన్ని కాదమ్మా, మీ కొలతకు లేని బట్టను.

మన ఇళ్లలో ఎంతోమంది తల్లులు ఇలాగే కొడుకు వదిలేసిన స్వెట్టర్లు, భర్త పాత శాలువాలు కప్పుకుని చలికాలం గడిపేస్తారు. చీర కొనుక్కుంటారు, బంగారం చేయించుకుంటారు. ఒంటికి వెచ్చగా ఉండేది మాత్రం తమ కోసం కొనుక్కోరు. చలి రెండు నెలలేగా అంటారు. బతుకమ్మకు అరవై ఏళ్లామె పట్టుచీర కట్టి, తలనిండా పూలు పెట్టుకుని వస్తే మనం ఎంత సంతోషిస్తాం! అదే ఆమె మామూలు మంగళవారం నాడు పనికి పోతూ కాస్త చక్కగా తయారైతే సోకు అంటాం. పండక్కి, ఫంక్షన్‌కి తయారైతే ఇంటి గౌరవం, తన కోసం తయారైతే సోకు. ఈ లెక్క నాకు ఎప్పటికీ ఒప్పుదల కాదు. మీకూ ఒప్పుదల కాకూడదని నా కోరిక.

పైగా కార్డిగన్ చిన్నపిల్లల బట్టేమీ కాదు. కార్డిగన్ ప్రభువుల్లో ఏడోవాడైన జేమ్స్ బ్రూడెనెల్ బిరుదు మీద దీనికి ఆ పేరొచ్చింది. 1854లో క్రిమియా యుద్ధంలో బలాక్లావా దగ్గర గుర్రపు దళాన్ని నడిపిన ఇంగ్లీషు సేనాని ఆయన. పుట్టింది 1797లో, అంటే ఆ యుద్ధం నాటికి ఆయనకు మీకన్నా మూడేళ్లు ఎక్కువే.

ఇక ఎలాంటిది వేసుకోవాలన్నది. చీర మీదికి తుంటి ఎముక దగ్గర ఆగిపోయేది చూడండి. భుజం కుట్టు సరిగ్గా మీ భుజం ఎముక అంచున కూర్చోవాలి. చేయి మణికట్టు దగ్గర ఆగి గాజులు కనిపించాలి. ఈ రెండూ కుదిరితే సగం పని అయిపోయినట్టే. లావుపాటి జడ అల్లికల జోలికి పోవద్దు, సన్నటి అల్లిక తీసుకోండి. మన దగ్గర డిసెంబర్, జనవరి పొద్దున్నే 15 డిగ్రీల కిందికి దిగినా మధ్యాహ్నానికి 28, 30 దాకా ఎక్కుతుంది. లావుపాటిది పదకొండింటికల్లా సంచిలోకి పోతుంది, సన్నటిది రోజంతా ఒంటి మీద ఉంటుంది. మరీ చలైతే లోపల ఒక పల్చటి థర్మల్ వేసుకోవచ్చు. మెడ వి ఆకారంలో ఉంటే మేలు, నల్లపూసలు కనిపిస్తాయి, మెడ పొడవుగా ఉంటుంది. గొంతు దాకా మూసేసే గుండ్రటి మెడకు అన్ని గుండీలూ పెట్టుకుంటేనే మనిషి ఉన్న వయసుకన్నా పెద్దగా కనిపిస్తుంది. గుండీలన్నీ వదిలేయండి, లేదా నడుము దగ్గర ఒకటి రెండు పెట్టుకోండి.

చీరతో అసలు చిక్కు కొంగు దగ్గరే వస్తుంది. స్కూలు రోజుల్లో కొంగు ఎప్పటిలాగే మడతలు పెట్టి బ్లౌజుకు పిన్ను పెట్టుకుని, కార్డిగన్ పైన వేసుకోండి. ఎండెక్కాక తీసేసినా చీర చెదరదు. సాయంత్రం ఫంక్షన్లకు మాత్రం కార్డిగన్‌ను బ్లౌజు మీద వేసుకుని, కొంగును దాని మీది నుంచి తీయండి. జరీ అంచు పైకి కనిపిస్తుంది, కార్డిగన్ పొడుగు చేతుల బ్లౌజులా కలిసిపోతుంది. అప్పుడు పిన్ను ఒక్క అల్లికకే గుచ్చితే దారం లేచి చిల్లు పడుతుంది, లోపలి బ్లౌజు బట్టను కూడా కలిపి గుచ్చండి. మంచి పట్టుచీర మీదికి నేనైతే ఈ రెండో పద్ధతినే ఇష్టపడతాను.

రంగు కోసం షాపుకు పోయేటప్పుడు, మీరు ఎక్కువగా కట్టే రెండు మూడు చీరలు సంచిలో పెట్టుకుని పోండి. పోచంపల్లి ఇక్కత్ అయినా, సిద్దిపేట గొల్లభామ అయినా, చీర ఒంటి రంగు జోలికి పోకుండా అంచులో ఉన్న ముదురు రంగును పట్టుకోండి. ముదురు నీలం, సీసా ఆకుపచ్చ, మెరూన్ లాంటివి చాలా అంచులకు కలుస్తాయి. చీరలో పూలో, బొమ్మలో నిండుగా ఉంటే కార్డిగన్ సాదాగా ఉండాలి. షాపు లైట్ల కింద నమ్మొద్దు, గుమ్మం దగ్గరికొచ్చి వెలుతురులో ముఖం పక్కన పెట్టి చూసుకోండి. జుట్టు నెరుస్తుంటే బూడిద రంగుతో ముఖం వాడినట్టు ఉంటుంది, మీగడ రంగు వెలుగునిస్తుంది. రంగేసుకోవాలా వద్దా అన్నది పూర్తిగా మీ ఇష్టం, నెరిసిన జుట్టుకు తగ్గ రంగులూ బోలెడున్నాయి.

మరో చిన్న కిటుకు. కొన్న దానికి ప్లాస్టిక్ గుండీలుంటే చౌరస్తాలో మ్యాచింగ్ సెంటర్‌కు పోయి చెక్కవో, మెరుగు తగ్గిన ఇత్తడి రంగువో కుట్టించుకోండి. కొద్ది ఖర్చుతో బట్ట తీరే మారిపోతుంది. కాళ్లకు మేజోళ్లు వేసి చెప్పులు తొడుక్కునే అలవాటుంటే మాత్రం మానేసి, బెల్లీస్ లాంటి మూసిన చెప్పులు వేసుకోండి. పైన ఎంత చక్కగా ఉన్నా అక్కడ తేలిపోతుంది.

అక్రిలిక్ త్వరగా ఉండలు కడుతుంది, ఆ ఉండలతోనే బట్ట పాతబడినట్టు కనిపిస్తుంది. ఉన్ని కలిసినది కొంచెం ఖరీదైనా నాలుగు చలికాలాలు నిలుస్తుంది. చన్నీళ్లలో చేత్తో ఉతికి, పిండకుండా తువ్వాలులో చుట్టి నీళ్లు ఒత్తి తీసి, మంచం మీద పరిచి ఆరేయండి. దండెం మీద వేలాడదీస్తే తడి బరువుకు సాగిపోతుంది. అల్మారాలోనూ హ్యాంగర్‌కు తగిలించకుండా మడతపెట్టాలి.

ఇంట్లో మాటల సంగతి. మీవారు అన్నది ఎగతాళో, మెచ్చుకోలో నాకు తెలియదు. మన దగ్గర చాలామంది మగవాళ్లకు భార్య బాగుందని చెప్పడం రాదు, నోట్లోంచి ఏదో వంకర మాట వస్తుంది. అది ఆయన్నే అడగండి. "ఆ రోజు మీరన్న మాటకు నాకు బాధైంది, మీకు నిజంగనే మంచిగ అనిపియ్యలేదా?" అని తీరిగ్గా ఉన్నప్పుడు, ఇద్దరే ఉన్నప్పుడు అడగండి. ఆయన ఏం చెప్పినా వినండి. నచ్చలేదంటే ఏది నచ్చలేదో చెప్పమనండి, పొడవో రంగో అయి ఉండొచ్చు. అయితే ఆయన మాట వినడం వేరు, అనుమతి తీసుకోవడం వేరు. ఇంకా ఏడేళ్ల సర్వీసున్న టీచర్ మీరు. పనికి ఏం వేసుకుని పోవాలో తేల్చుకునేది మీరే.

ఆడబిడ్డకు సమాధానం చెప్పుకోవాల్సిన పని లేదు. నలుగురిలో మళ్లీ అంటే, చిన్నబుచ్చుకోకుండా "నాకు మంచిగున్నది వదినా, నీకు గూడ తెప్పియ్యాల్నా?" అని మనస్ఫూర్తిగా అడగండి. ఆమెకూ తనకంటూ కొనుక్కోవాలన్న కోరిక ఉండి, పైకి చెప్పలేక అలా అని ఉండొచ్చు. అలా అనేవాళ్లలో ఇది నేను చాలాసార్లు చూశాను.

ఒక్క విషయం మాత్రం మీరు తేలిగ్గా రాసినా నేను తేలిగ్గా తీసుకోను. ఉన్నట్టుండి చెమటలు, ఆ వెంటనే వణుకు, ఈ వయసులో ముట్లు ఆగిపోయే దశలో చాలామందికి ఉంటాయి. అందుకే లోపల నూలు బ్లౌజు, పైన ముందు వైపు తెరుచుకునే స్వెట్టర్ మీకు అన్నిటికన్నా సుఖం. తల మీది నుంచి తొడిగేదైతే క్లాసులో తీయలేరు. అయినా ఒకసారి గైనకాలజిస్టును కలవండి. పక్కవాళ్లకు లేని చలి మీకు ఒక్కరికే పెడుతుంటే, అలసట కూడా ఉంటే, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, రక్తం కోసం హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించుకోండి. రెండూ మామూలు రక్త పరీక్షలే. ఆ చలికి స్వెట్టర్ ఒక్కటే మందు కాదు.

మీ అమ్మాయి అలక తీర్చడం తేలికే. ఆవపువ్వు రంగు కార్డిగన్‌ను అల్మారాలోంచి తీసి, ముదురు నీలం కుర్తా, కాళ్లకు అంటిపెట్టుకోని నిటారు ప్యాంటు మీద ఒక ఆదివారం వేసుకోండి. వడ్డేపల్లి చెరువు కట్ట మీద పొద్దున నడవడానికి పోయినా సరే. ఒక ఫొటో తీసి ఆ పిల్లకు పంపండి. తర్వాత ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఇది కుర్తాల మీదికి ఉంచుకుంటున్న, చీర మీదికి మాత్రం పొట్టిది కావాలె, సంక్రాంతికి వచ్చినప్పుడు నా చీరలు తీసుకుని ఇద్దరం పోయి చూద్దాం అనండి. అబ్బాయి జిప్పు స్వెట్టర్‌ను ఈలోపు ఉతికి, దాని కొలతకు సరిపోయే పిల్లవాడు మీ స్కూల్లోనే ఉంటాడు, అతనికి ఇచ్చేయండి.