ఎక్కడ ఎక్కువ మిగులుతుందని అడిగావు కదా

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను తల్లీ. ఆడియో-వీడియో టెక్నీషియన్ పనికి న్యూయార్క్ నుంచి ఒక పిలుపు, లాస్ వేగాస్ నుంచి ఒక పిలుపు వచ్చాయని రాశావు. వాటికి ఊరూరి వేతనాల పట్టిక జతచేసి, "ఎక్కడ ఎక్కువ మిగులుతుంది పెదనాన్నా?" అని అడిగావు. ఎక్కడ ఎక్కువ ఇస్తారని కాకుండా ఎక్కడ మిగులుతుందని అడగడం నాకు ఎంతో నచ్చింది. ముప్ఫై ఏళ్లకు పైగా మైకులు, మిక్సర్లు, ప్రొజెక్టర్ల మధ్య పనిచేసినవాణ్ని. ఆ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకటేననుకుని వయసులో దెబ్బతిన్నాను. అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ పట్టిక సంగతి. అది అమెరికా ప్రభుత్వ బ్యూరో ఆఫ్ లేబర్ స్టాటిస్టిక్స్ విడుదల చేసేది, నమ్మదగినదే. అయితే అందులో దేన్ని లెక్కలోకి తీసుకున్నారో, దేన్ని వదిలేశారో తెలిస్తేనే అది నీకు పనికొస్తుంది. ఆ సర్వే యాజమాన్యాలను అడిగి చేసేది కాబట్టి సొంతంగా పనిచేసుకునేవాళ్లు అందులో ఉండరు. పెద్ద ప్రదర్శనల్లో నీ పక్కన నిలబడేవాళ్లలో ఎంతమంది రోజు రేటుకు వచ్చిన ఫ్రీలాన్సర్లో నువ్వే చూస్తున్నావు. వాళ్ల సంపాదనా, వాళ్ల ఖాళీ రోజులూ ఆ అంకెల్లో లేవు. ఓవర్‌టైమ్ కూడా కలపరు. ఏడాది వేతనం అని రాసినది గంట వేతనాన్ని 2,080తో గుణించగా వచ్చినది, అంటే వారానికి 40 గంటల చొప్పున 52 వారాలు. ఒక వారం 70 గంటలు నిలబడి మరుసటి వారం ఫోను మోగడం కోసం ఎదురుచూసే మనిషికి ఆ గుణకారం వర్తించదు.

సగటు ఒక్కటే చూసి ఊరుకోకు. మధ్యస్థ వేతనమూ (సగం మందికి అంతకన్నా తక్కువ, సగం మందికి ఎక్కువ), అందరికన్నా తక్కువ తీసుకునే పదో వంతు వారి హద్దూ, ఎక్కువ తీసుకునే పదో వంతు వారి హద్దూ అందులో విడివిడిగా ఉంటాయి. ఒకే నగరంలో ఆ రెండు హద్దుల మధ్య దూరం ఎంతుందో చూడు. నేను చూసినంతలో, ఊరికీ ఊరికీ ఉన్న తేడా కంటే ఆ దూరమే ఎక్కువ. హోటల్ బాల్‌రూమ్‌లో తెర నిలబెట్టి వక్త కోటుకు మైకు తగిలించే మనిషీ, వేలమంది కూర్చున్న సభలో పదుల కొద్దీ వైర్‌లెస్ మైకుల ఫ్రీక్వెన్సీలు ఒకదానికొకటి అడ్డం రాకుండా సర్దే మనిషీ ఆ పట్టికలో ఒకే వరుసలో ఉంటారు. ఊరు మారకుండానే ఆ వరుసలో పైకి ఎక్కినవాళ్లను చూశాను. మూడు ఊళ్లు మారినా అడుగునే ఉండిపోయినవాళ్లనూ చూశాను.

అద్దెలు ఎక్కువ కాబట్టి జీతాలు ఎక్కువ అని అందరూ అంటారు. అది సగం నిజమే. ఒక ఊళ్లో ఏ రకం పని పోగుపడిందన్నది అంతకన్నా పెద్ద కారణం. న్యూయార్క్‌లో నాటకశాలలు, టీవీ సంస్థలు, పెద్ద కంపెనీల ప్రధాన కార్యాలయాలు ఉన్నాయి. లాస్ ఏంజెలెస్‌ది సినిమా, టీవీ ప్రపంచం. లాస్ వేగాస్, ఓర్లాండోలు బతికేది సమావేశాలు, ప్రదర్శనల మీద. జనవరిలో ఎలక్ట్రానిక్స్ ప్రదర్శన సీఈఎస్, ఏప్రిల్‌లో టీవీ, రేడియో ప్రసార రంగం వాళ్ల ఎన్‌ఏబీ ప్రదర్శన వేగాస్‌లోనే జరుగుతాయి. మన రంగానికి పెద్ద ప్రదర్శన ఇన్ఫోకామ్ ఒక ఏడు అక్కడా, మరో ఏడు ఓర్లాండోలోనూ జరుగుతూ వచ్చింది. జార్జియా కథ ఇంకా ఆసక్తికరం. ఆ రాష్ట్రం 2008లో సినిమా నిర్మాణాలకు 20 శాతం పన్ను రాయితీ ఇచ్చి, తెర మీద రాష్ట్రం గుర్తు చూపిస్తే మరో 10 శాతం కలిపింది. చిత్రీకరణలు అట్లాంటా వైపు మళ్లాయి, సౌండు వాళ్లూ కెమెరా వాళ్లూ వాటి వెంట వెళ్లారు. రాయితీ తెచ్చిన పనిని మరో చోటి పెద్ద రాయితీ లాక్కుపోనూ వచ్చు, అది కూడా మనసులో పెట్టుకో.

పట్టికలో లొకేషన్ కోషంట్ అని ఒక అంకె ఉంటుంది, చాలామంది దాన్ని దాటేస్తారు. దేశం మొత్తంతో పోలిస్తే ఆ ఊరి ఉద్యోగాల్లో మన పనివాళ్ల వాటా ఎంతో అది చెబుతుంది. 1 ఉంటే దేశంతో సమానం, 2 ఉంటే రెండింతలు. ఈ అంకె పెద్దదిగా ఉన్న ఊళ్లో ఒక యాజమాన్యం కాదంటే మరొకటి దొరుకుతుంది. పోటీ కూడా అంతే ఉంటుందనుకో. అయినా నీ వయసులో నేను వేతనం అంకె కన్నా దీన్నే ముందు చూసేవాణ్ని.

నా దెబ్బ సంగతి చెబుతాను. రోజు రేటు బాగా ఎక్కువ ఇస్తారని ఒక పెద్ద నగరానికి మారాను. అంతకుముందు ఉన్న చోట రోజుకు 350 డాలర్లు ఇస్తే అక్కడ 500 అన్నారు. నెలకు ఎన్ని రోజులని అడగాలని తట్టలేదు. వెనకటి ఊళ్లో నెలకు 16 రోజులు పని ఉండేది, అంటే 5,600. కొత్త చోట ఎవరికీ తెలియనివాణ్ని కాబట్టి 9 రోజులకు మించి పిలుపులు రాలేదు, అంటే 4,500. అద్దె మాత్రం రెట్టింపు. రేటు చూసి సంబరపడిన నేను ఎనిమిది నెలల్లో చేతిలో ఉన్నదంతా ఖర్చు చేశాను. పనుల పిలుపులు పరిచయాల మీద వస్తాయి. ఊరు మారినప్పుడు ఆ పరిచయాలు మన వెంట రావు, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాలి.

ఆ రోజుల్లోనే ఇంకొక పాఠం. ఒక సంస్థ నన్ను పక్క రాష్ట్రంలో జరిగే సభకు పిలిచి, స్థానికుడిగా పేరు రాసుకుంటానంటే పని ఇస్తామంది. ఒప్పుకున్నాను. బయటి ఊరి నుంచి వచ్చేవాళ్లకు ప్రయాణం, హోటల్ గది, రోజు బత్తా ఇవ్వాలి, స్థానికుడికైతే ఏమీ ఇవ్వక్కర్లేదు. నాలుగు రోజుల సంపాదనలో ఒకటిన్నర రోజు డబ్బు దారిలోనే పోయింది. నిన్ను ఎవరైనా అలా అడిగితే, రేటు ఎంత ఊరించినా, ప్రయాణ ఖర్చులు తీసేసి చూశాకే మాట ఇవ్వు.

చట్టాలు కూడా ఊరితోపాటు మారతాయి, మనవాళ్లు దీన్ని అసలు పట్టించుకోరు. ఫెడరల్ చట్టం ప్రకారం వారానికి 40 గంటలు దాటితేనే ఓవర్‌టైమ్. కాలిఫోర్నియాలో రోజుకు 8 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు, 12 దాటితే రెండు రెట్లు. వరుసగా మూడు రోజులు 12 గంటల చొప్పున చేశావనుకో. ఫెడరల్ చట్టం మాత్రమే వర్తించే చోట నీకు వచ్చేది 36 గంటల డబ్బు. కాలిఫోర్నియాలో అదే శ్రమకు 42 గంటల డబ్బు. గంట రేటు సమానమైనా చేతికి వచ్చేది సమానం కాదు. పన్ను సంగతీ అంతే. నెవాడా, ఫ్లోరిడా, టెక్సస్‌లలో జీతం మీద రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. న్యూయార్క్‌లో రాష్ట్రానికీ కట్టాలి, నగరంలో కాపురముంటే నగరానికీ కట్టాలి. వేగాస్‌లో ఉంటూ పది రోజులు కాలిఫోర్నియాలో పనిచేస్తే ఆ పది రోజుల సంపాదన మీద కాలిఫోర్నియా పన్ను అడుగుతుంది. బతుకు ఖర్చులు పోల్చడానికి బ్యూరో ఆఫ్ ఎకనామిక్ అనాలిసిస్ ప్రాంతాలవారీ ధరల సూచీ వేస్తుంది. దేశం సగటు 100. రెండు ఊళ్ల వేతనాలనూ ఆయా సూచీలతో భాగించి, అప్పుడు పక్కపక్కన పెట్టు.

యూనియన్ మాట. రంగస్థలం, సినిమా, ప్రదర్శనల సాంకేతిక పనివాళ్ల యూనియన్ ఐయాట్సీ 1893లో పుట్టింది, దానికి ఊరూరా శాఖలున్నాయి, ఒక్కో శాఖ ఒప్పందం ఒక్కో రకం. న్యూయార్క్‌లో లోకల్ వన్, వేగాస్‌లో లోకల్ 720. ఒప్పందం కింద జరిగే పనిలో కనీస గంటలు, భోజన విరామం దాటితే జరిమానా, రాత్రి పనికి అదనం అన్నీ కాగితం మీద ఉంటాయి. ఒప్పందం లేని చోట అవి నువ్వు అడిగి తెచ్చుకోవలసినవే. ఏ ఊరికి వెళ్లినా మొదటి వారంలోనే ఆ శాఖ వేతన పట్టీ సంపాదించు. సభ్యురాలివి కాకపోయినా, ఎంత అడగాలో ఆ పట్టీయే చెబుతుంది.

ఇప్పుడు నీ రెండు పిలుపులు. న్యూయార్క్‌ది నెల జీతం, ఆరోగ్య బీమా యాజమాన్యమే చూసుకుంటుంది, పని ఒకే కార్యాలయంలోని సమావేశ గదుల్లో. వేగాస్‌ది రోజు రేటు. కాగితం మీద న్యూయార్క్ అంకె పెద్దది. అయినా నేను నిన్ను వేగాస్ పంపాలనే అనుకుంటున్నాను తల్లీ. నువ్వు ఈ పనిలోకి వచ్చి రెండేళ్లే అయింది. అవే పది గదుల్లో అవే తెరలు వెలిగించి ఆర్పితే ఆ చెయ్యి అక్కడే ఆగిపోతుంది. వేగాస్‌లో వారం వారం కొత్త హాలు, కొత్త మిక్సర్, పెద్ద ఎల్‌ఈడీ గోడలు, కంప్యూటర్ నెట్‌వర్క్ మీద నడిచే ఆడియో. రెండేళ్లు అక్కడ గట్టిగా చేసి, మన రంగపు సంఘం అవిక్సా వారు టెక్నీషియన్లకు పెట్టే సీటీఎస్ అర్హత పరీక్ష కూడా పూర్తి చేస్తే, ఆ తర్వాత న్యూయార్క్ నిన్ను పిలిచేది ఇప్పటి అంకెతో కాదు.

ఒక షరతు మాత్రం ఉంది. ఆరు నెలల అద్దె చేతిలో లేకుండా బయలుదేరకు. నడివేసవిలోనూ డిసెంబర్ చివర్లోనూ సమావేశాలు పలచబడతాయి, బీమా నీ జేబులోంచే కట్టుకోవాలి. ఉద్యోగినిగా తీసుకుంటున్నారా, స్వతంత్ర కాంట్రాక్టరుగా రాసుకుంటున్నారా అన్నది కూడా తేల్చుకో. రెండోదైతే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నుల్లో యాజమాన్యం కట్టవలసిన సగం కూడా నీ మీదే పడి, స్వయం ఉపాధి పన్ను 15.3 శాతం అవుతుంది. ఓవర్‌టైమ్ చట్టం కూడా వర్తించదు.

ఈ వారంలో వేగాస్ వాళ్లకు ఒక ఉత్తరం రాయి. పోయిన ఏడాది నీలాంటి కొత్తవాళ్లకు ఏ నెలలో ఎన్ని రోజుల పని ఇచ్చారో అడుగు. రోజు అంటే 8 గంటలా, 10 గంటలా, పని రద్దయితే ఎన్ని రోజుల ముందు చెబుతారు, చెప్పకపోతే ఎంత ఇస్తారు, ఇవన్నీ అడుగు. మర్యాదగా అడిగితే మంచి సంస్థ నొచ్చుకోదు. జవాబు రాగానే నాకు పంపు, ఆదివారం ఫోనులో ఇద్దరం కూర్చుని పన్నెండు నెలలకూ నెలవారీగా లెక్క వేద్దాం. అంతవరకు న్యూయార్క్ వాళ్లకు కాదని చెప్పకు.

ప్రేమతో,
మీ పెదనాన్న