తుఫాను సముద్రంలోనే బలహీనపడిందంటే టార్పాలిన్లు తీయొచ్చా?

అన్నా, తుఫాను సముద్రంలోనే బలహీనపడిందట, పర్వతగిరి కల్లంలో వడ్ల మీది టార్పాలిన్లు తీయొచ్చా అని అడిగారు. ఇప్పుడే తీయకండి.

గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లకు చేరితేనే తుఫాను అంటారు. 26.5 డిగ్రీలకు పైగా వేడెక్కిన సముద్రమే దానికి బలం. పొడిగాలి చొరబడినా, పైగాలులు మబ్బుల్ని పక్కకు ఈడ్చినా ఒకట్రెండు రోజుల్లోనే మళ్లీ వాయుగుండమైపోతుంది. కానీ గాలి వేగం తగ్గినా తేమ మిగిలే ఉండొచ్చు. 2025 అక్టోబరులో మొంథా తుఫాను నర్సాపురం దగ్గర తీరం దాటి, బలం తగ్గుతూ వచ్చి మన వరంగల్‌నే ముంచింది గదా!

వాతావరణ శాఖ బులెటిన్‌లో మన జిల్లా వాన హెచ్చరిక చూడండి. ఆరెంజ్ రంగు హెచ్చరిక ఉన్నన్నాళ్లు కుప్ప చుట్టూ కాలువ తీసి, టార్పాలిన్ అంచుల మీద ఇసుక బస్తాలు పెట్టండి. వడ్లు పచ్చిగా ఉంటే మాత్రం వాన తెరిపిచ్చినప్పుడల్లా కప్పు తీసి తిరగేయండి, లేకుంటే లోపల వేడెక్కి రంగు మారుతాయి.