బావగారి పెట్టెలో అరవై ఒక్క వేలు

ప్రశ్న: మాది టంగుటూరు దగ్గర పల్లె. వయసు 34. నెల్లూరులో ప్రైవేటు ఉద్యోగం, నెలకు 58,000 చేతికి వస్తాయి. భార్య, ఇద్దరు పిల్లలు. రోజుకు తొమ్మిది సిగరెట్లు తాగుతాను, ఒక్కొక్కటి 18 రూపాయలు. మానలేకపోతున్నాను కాబట్టి ఆకును కాల్చకుండా వేడి చేసి, ఆవిరిని పీల్చుకునే బల్ల మీది వేపరైజర్ కొందామనుకుంటున్నాను. డల్లాస్‌లో ఉన్న మా బావగారు సంక్రాంతికి వస్తూ తెస్తానన్నారు. జర్మనీ కంపెనీ తయారుచేసే రెండు మోడళ్లు చూశాను. వోల్కానో క్లాసిక్ మన డబ్బులో 42,000, వోల్కానో హైబ్రిడ్ 61,000 పడుతున్నాయి. నాన్న వర్జీనియా పండిస్తారు కాబట్టి పొగాకు ఇంట్లోదే. జామాయిల్ ఆకు వేస్తే నాన్న దగ్గుకు కూడా పనికొస్తుందని ఆశ. నా క్రెడిట్ కార్డులో ఇప్పటికే 38,000 బాకీ ఉంది, దీన్ని కూడా కార్డు మీదే వాయిదాల్లో కొంటాను. పోయిన ఏడాది 50 లక్షల టర్మ్ జీవిత బీమా పాలసీ తీసుకున్నాను. పొగ తాగే అలవాటు లేదని ఏజెంటు రాశాడు, అందువల్ల ప్రీమియం తక్కువే. ఈ రెండు మోడళ్లలో దేనికి డబ్బు పెట్టవచ్చు?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి యంత్రాల కోసం. రెండోసారి, చివర్లో మీరు మాటవరసకు రాసిన పాలసీ సంగతి కోసం. అడిగింది మోడళ్ల గురించి కాబట్టి ముందు ఆ లెక్కే తేలుద్దాం.

రెండూ టుట్లింగెన్ అనే ఊళ్లో తయారవుతాయి. శస్త్రచికిత్స పరికరాలకు పేరున్న ఊరది. రెండింటి పని ఒకటే. అడుగున హీటరు, గాలి పంపు. వేడిగాలి ఆకు గుండా వెళ్లి పైన తగిలించిన సంచిలో నిండుతుంది, ఆ సంచిని ఊడదీసి పీలుస్తారు. క్లాసిక్‌లో తిప్పే మీట, సంచి మాత్రమే ఉంటాయి. వేడెక్కడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. 2019లో వచ్చిన హైబ్రిడ్‌లో అంకెల తెర ఉంది, సంచితో పాటు గొట్టం కూడా వాడుకోవచ్చు, ఫోనుతో నడపవచ్చు, చాలా త్వరగా వేడెక్కుతుంది. అంటే ఆ 19,000 రూపాయల తేడా పోయేది ఓపిక లేకపోవడానికి, ఫోనుకు. ఇవి అమ్ముకోనిచ్చే దేశంలో మీరు ఉంటే క్లాసిక్ చాలని ఒక్క ముక్కలో రాసి ఊరుకునేవాణ్ని.

సూత్రం సంగతి మీకు నేను చెప్పనవసరం లేదు. పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్ ఉన్న ఇంట్లో పెరిగారు. ఆకు పసుపు తేలేదాకా సన్నటి వేడి, తరువాత మెల్లగా పెంచుకుంటూ పోయి, ఈనె ఆరేటప్పటికి 70 డిగ్రీల దాకా తీసుకెళతారు. ఆకు ఆరుతుంది, కాలదు. ఏ రాత్రో కునుకు పట్టి వేడి చెయ్యి దాటితే ఏమవుతుందో మీ నాన్నగారిని అడిగితే చెబుతారు. ఈ యంత్రం 230 డిగ్రీల దగ్గర ఆగుతుంది. సిగరెట్ దమ్ము లాగినప్పుడు కొనలో వేడి 900 డిగ్రీల దాకా ఉంటుంది. కాలనందువల్ల తారు, కార్బన్ మోనాక్సైడ్ తగ్గే మాట నిజమే. నికోటిన్ మాత్రం అలాగే వస్తుంది. మిమ్మల్ని పట్టి ఉంచినది అదే కదా.

ఇక అసలు అడ్డంకి. మన దేశంలో ఎలక్ట్రానిక్ సిగరెట్ల నిషేధం 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సుగా వచ్చి, డిసెంబరులో చట్టమైంది. పేరు చూసి అది పెన్ను లాంటి పరికరాలకే వర్తిస్తుందని చాలామంది అనుకుంటారు. నిర్వచనం అంతకంటే వెడల్పు. పీల్చుకోవడానికి వీలుగా ఒక పదార్థాన్ని వేడి చేసి ఆవిరి పుట్టించే ఎలక్ట్రానిక్ పరికరం ఏదైనా, అందులో నికోటిన్ ఉన్నా లేకపోయినా, ఏ పేరుతో పిలిచినా అందులోకి వస్తుంది. కాల్చకుండా వేడి చేసే ఉత్పత్తులను చట్టం పేరు పెట్టి మరీ చేర్చింది. కాబట్టి పొగాకు వేయను, జామాయిలే వేస్తాను అన్నా తప్పించుకునే దారి లేదు. తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, ప్రకటన అన్నీ నిషేధమే. మొదటి తప్పుకు ఏడాది దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా. సొంతంగా వాడుకోవడాన్ని ఈ చట్టం నేరంగా రాయలేదు. కానీ వాడాలంటే ముందు అది దేశంలోకి రావాలి, తెచ్చేది మీ బావగారు. విదేశాల నుంచి వచ్చేవారు సుంకం లేకుండా తెచ్చుకునే సామానుకు ఒక పరిమితి ఉంటుంది కదా అంటారేమో. అది అనుమతి ఉన్న వస్తువులకు. నిషేధించిన వస్తువుకు సుంకం కట్టి తెచ్చే దారి కూడా ఉండదు. విమానాశ్రయంలో పట్టుబడితే యంత్రం పోతుంది, పండక్కి వచ్చిన అల్లుడు సంతకాలు పెడుతూ కూర్చుంటారు. ఆయన మీ మొహమాటానికి ఒప్పుకున్నారో, చట్టం తెలియక ఒప్పుకున్నారో. ఈ రోజే ఫోను చేసి వద్దని చెప్పండి.

చట్టం లేదనుకున్నా లెక్క మీరనుకున్నంత బాగా లేదు. డల్లాస్‌లో కొన్నది అమెరికా కరెంటుకు, అంటే 120 వోల్టులకు చేసింది. మన గోడకు 230 వోల్టులు వస్తాయి. హీటరు ఉన్న యంత్రాన్ని నేరుగా పెడితే మొదటి రోజే దాని పని అయిపోతుంది, వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ విడిగా కొనాలి. సంచులు, జల్లెళ్లు అరిగేకొద్దీ మార్చాలి, అవీ విదేశం నుంచే రావాలి. చెడిపోతే వారంటీ కోసం సముద్రం దాటించాలి. మీ కార్డుతో డాలర్లలో కొంటే బ్యాంకు మారకం మీద మామూలుగా 2 నుంచి 3.5 శాతం అదనంగా వేస్తుంది. ఇంటి పొగాకు ఉచితం అన్నారు. వేలం కేంద్రానికి వెళ్లాల్సిన బేళ్లలోంచి తీసినదానికి ధర లేదనడం నాకు ఒప్పుదల కాదు, కానీ అది గ్రాముల లెక్క, పోనిద్దాం.

ఇప్పుడు పాలసీ. మీ ఉత్తరంలో నన్ను నిద్రపోనివ్వని వాక్యం ఇదే. మీరు 42,000కూ 61,000కూ మధ్య కొట్టుకుంటున్నారు, పక్కన 50 లక్షలు గాలిలో ఊగుతున్నాయి.

ప్రతిపాదన పత్రంలో పొగాకు వాడతారా అనే గడి ఉంటుంది. అక్కడ లేదు అని రాసింది ఏజెంటే కావచ్చు, కింద సంతకం మీది. కాబట్టి చట్టం దృష్టిలో చెప్పింది మీరే. బీమా చట్టంలోని 45వ సెక్షన్ ప్రకారం పాలసీ మొదలైన మూడేళ్ల లోపు కంపెనీ ఇలాంటి తప్పుడు సమాచారాన్ని బయటికి తీసి క్లెయిమ్‌ను తిరస్కరించవచ్చు. మోసం అని తేలితే కట్టిన ప్రీమియం కూడా తిరిగి రాదు. మీ పాలసీకి నిండింది ఇంకా ఏడాదే. ఎలా తెలుస్తుందిలే అనుకోకండి. మనిషి ఆసుపత్రిలో చేరగానే డాక్టరు అడిగే తొలి ప్రశ్నల్లో పొగ అలవాటు ఒకటి. పక్కనున్న భార్య నిజమే చెబుతుంది, చెప్పాలి కూడా. అది కేసు షీటులో పడుతుంది, డిశ్చార్జ్ కాగితంలోకి ఎక్కుతుంది. క్లెయిమ్ వచ్చినప్పుడు కంపెనీ మొదట తెప్పించుకునేవి ఆ కాగితాలే. మీ వైద్యం కోసం మీ ఆవిడ చెప్పిన నిజమే పిల్లల డబ్బుకు అడ్డం వస్తుంది.

మిగిలిన రెండేళ్లు నోరు మెదపకుండా గడిపితే చాలదా అని అడిగినవారు నా దగ్గరకు వచ్చారు. మూడేళ్లు దాటాక ఆ సెక్షన్ కంపెనీ చేతులు కట్టేస్తుంది, నిజమే. కానీ మధ్యలో ప్రీమియం తప్పి పాలసీని పునరుద్ధరిస్తే ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు లెక్కపెడతారు. పైగా 34 ఏళ్ల మనిషి టర్మ్ పాలసీ తీసుకునేదే, రేపేమవుతుందో తెలియదని. రెండేళ్ల దాకా ఏమీ కాదన్న నమ్మకం ఉంటే అసలు పాలసీ ఎందుకు?

చేయవలసింది ఇది. కంపెనీకి రాతపూర్వకంగా, ఈ మెయిల్‌లో, రోజుకు ఇన్ని సిగరెట్లు తాగుతానని, ప్రతిపాదనలో తప్పు పడిందని తెలియజేయండి. ఏజెంటు ద్వారా వద్దు, సర్దుబాటు చేస్తానంటాడు. కంపెనీ పరీక్షలు అడగవచ్చు, ప్రీమియం పెంచవచ్చు, పాలసీ రద్దు చేస్తాననవచ్చు. పెంచితే కట్టండి. రద్దు చేసేటట్టు ఉంటే వేరే కంపెనీలో పొగ తాగేవాడిగానే దరఖాస్తు చేయండి. పొగ తాగేవారి ప్రీమియం గణనీయంగా ఎక్కువే, కానీ వ్యక్తిగత జీవిత బీమా మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు కాబట్టి ఆ మేరకు ఊరట. ఇంకో మాట. సిగరెట్ మానేసి ఆవిరి యంత్రానికి మారినా బీమా కంపెనీ మిమ్మల్ని పొగ తాగనివారిలో వేయదు. ఆ జాబితాలోకి రావాలంటే సాధారణంగా 12 నెలలు ఏ రూపంలోనూ పొగాకు, నికోటిన్ వాడి ఉండకూడదు. నికోటిన్ ఒంట్లో మారి ఏర్పడే కోటినిన్ అనే పదార్థం మూత్రంలో ఉందా అని పరీక్షించి చూస్తారు. నికోటిన్ పొగ నుంచి వచ్చిందా, ఆవిరి నుంచి వచ్చిందా అనే తేడా ఆ పరీక్షకు తెలియదు.

కార్డు బాకీ సంగతి క్లుప్తంగా చెబుతాను. నెలకు 3.5 శాతం చొప్పున 38,000 మీద వడ్డీ 1,330, దాని మీద 18 శాతం జీఎస్టీ 239. అసలు తగ్గకుండానే నెలకు 1,569 రూపాయలు పోతున్నాయి. ఇంట్లో కొద్దిగా బంగారం ఉంటే బ్యాంకులో పెట్టి, కార్డు బాకీ ఒక్కసారిగా తీర్చేయండి. బంగారు రుణం వడ్డీ ఏడాదికి పది శాతం అటూ ఇటూగా ఉంటుంది. మీ సిగరెట్ ఖర్చు నెలకు 4,860. ఆ డబ్బే కడుతూ పోతే తొమ్మిదో నెల ముగిసేలోగా బంగారం ఇంటికొస్తుంది. ఆ తరువాత అదే 4,860 నెల నెలా ఏడు శాతం వడ్డీ వచ్చే చోట వేస్తే పదేళ్లకు దాదాపు 8.4 లక్షలు. మ్యూచువల్ ఫండ్ల మాట నాకు చెప్పలేదేమని అడగకండి, ముందు ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో నిలవనీయండి.

ఇదంతా మానితే కదా అంటారు. మానలేకపోతున్నానని మీరే రాశారు, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. నేనూ పన్నెండేళ్లు కాల్చినవాణ్నే, మూడుసార్లు మానాను, నాలుగోసారి నిలబడింది. 61,000 ఖర్చుకు సిద్ధపడ్డవారు అందులో పదో వంతు మానడానికి కేటాయించండి. 1800-11-2356 అనే జాతీయ ఉచిత నంబరులో మానడానికి సాయం చేస్తారు. రెండు మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ము మందుల దుకాణంలో చీటీ లేకుండానే దొరుకుతుంది. కొన్ని వారాలు వాడి, తగ్గించుకుంటూ ఆపేయాలి. గమ్ము నమిలే రోజుల్లో కూడా కోటినిన్ పరీక్షలో కనిపిస్తుంది కాబట్టి, ఆ 12 నెలల లెక్క గమ్ము ఆపిన రోజు నుంచి మొదలుపెట్టుకోండి.

మీ నాన్నగారి దగ్గు డబ్బు ప్రశ్న కాదు, కానీ వదిలేయలేను. ఏళ్ల తరబడి బ్యారన్ వేడిలో, ఆకు దుమ్ములో గడిపిన మనిషి దగ్గుకు జామాయిల్ ఆకు సరిపోతుందని మీరు నిర్ణయించకండి, నేనూ నిర్ణయించను. ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో ఊపిరితిత్తుల డాక్టరుకు చూపించండి. మందును తుంపరగా మార్చి పీల్పించే నెబ్యులైజర్ కావాలని ఆయన అంటే అది కొద్ది వేలలో వస్తుంది, లైసెన్సున్న వైద్య పరికరం కాబట్టి నిషేధం కిందికి రాదు. అందులో డాక్టరు రాసిన మందే పోయాలి, ఆకు పసరు పోయకూడదు. ఆవిరి పట్టుకుంటే హాయిగా ఉందంటే గిన్నెలో వేడినీళ్లు, పైన దుప్పటి ఉండనే ఉన్నాయి.

ప్రతిపాదన పత్రం నకలు పాలసీ బాండుకు జతచేసి ఉంటుంది. ఈ రాత్రి దాన్ని తీసి, పొగాకు గడిలో సరిగ్గా ఏం రాసి ఉందో, పాలసీ మొదలైన తేదీ ఏమిటో నాకు రాయండి. కంపెనీకి పంపే ఉత్తరం ఆ రెండింటిని చూసి సిద్ధం చేద్దాం.