‘ఆల్టర్’ అన్న మాటను తెలుగు చేసేటప్పుడు

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

చట్టాలు, దస్తావేజులు తెలుగు చేసే పనిలో ప్రవేశించావు కనుక, నీకు తరచుగా ఎదురయ్యే ‘ఆల్టర్’ అన్న ఆంగ్ల క్రియ గురించి నాలుగు మాటలు రాస్తున్నాను. నిఘంటువులో ‘మార్చు’ అని కనిపిస్తుంది. అది తప్పు కాదు గాని, దానితోనే పని గడవదు. ఉన్న వస్తువు అలాగే ఉండి, దాని కొలతో, రూపమో, పేరో మారినప్పుడే ఈ మాట సరిపోతుంది. దర్జీ దగ్గర ఆల్టరేషన్‌కు ఇచ్చిన జాకెట్టు వదులయినా అదే జాకెట్టు కదా.

రాజ్యాంగం 3వ అధికరణం రాష్ట్రాల సరిహద్దులను, పేర్లను మార్చే అధికారం పార్లమెంటుకు ఇస్తూ ‘ఆల్టర్’ అనే అంటుంది. రాజ్యాంగ సవరణ గురించి చెప్పే 368వ అధికరణంలో ఉన్నది ‘అమెండ్’. మొదటిదాన్ని ‘మార్చు’ అని, రెండవదాన్ని ‘సవరించు’ అని విడిగా ఉంచడం తప్పనిసరి, ఎందుకంటే 3వ అధికరణం కింద చేసిన చట్టాన్ని 368 ప్రయోజనాలకు రాజ్యాంగ సవరణగా భావించరాదని 4వ అధికరణమే చెబుతోంది. 2014లో తెలంగాణ ఏర్పాటుకు పునర్విభజన చట్టం సరిపోయింది ఇందువల్లనే. 2011లో ఒరిస్సా పేరు ఒడిశా అయినప్పుడు రాష్ట్రం పేరుకు మామూలు చట్టం చాలింది. ఎనిమిదవ షెడ్యూలులోని ఒరియా భాష పేరును ఒడియాగా చేయడానికి మాత్రం 96వ రాజ్యాంగ సవరణ కావలసివచ్చింది.

దస్తావేజుల్లో దారి వేరు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 20వ సెక్షన్‌లో ‘ఆల్టరేషన్’ అంటే కాగితం మీది దిద్దుబాటు. దాని పక్కన, పత్రం రాసి ఇచ్చినవారి సంతకమో పొడి సంతకమో లేకపోతే రిజిస్ట్రారు ఆ పత్రాన్ని తిరస్కరించవచ్చు. చెక్కులకు, ప్రామిసరీ నోట్లకు వర్తించే 1881 చట్టం 87వ సెక్షన్‌లోనూ ఇంతే. పదివేలకు ఒక సున్నా చేర్చినా, తేదీ దిద్దినా అది కీలకమైన దిద్దుబాటు. పత్రం రాసుకున్న మొదటి పక్షాల ఉమ్మడి ఉద్దేశం నెరవేర్చడానికి చేసినది కాకపోతే, ఒప్పుకోని పక్షం మీద ఆ పత్రం చెల్లదు. ఇక్కడ ‘మార్పు’ అని రాసి ఊరుకుంటే, పత్రం మీద ఎవరో చెయ్యి పెట్టారన్న విషయం చదివేవారికి తెలియకుండా పోతుంది. ఇది నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది, ఎందుకంటే నష్టపోయేది వారే.

అమెరికా నుంచి వచ్చే పెంపుడు కుక్కల పత్రాల్లో ‘ఆల్టర్డ్’ అని ఉంటే పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేశారని అర్థం. చర్చిలోని బలిపీఠానికి ఆంగ్లంలో ఉన్న మాట కూడా ఇలాగే పలుకుతుంది, స్పెల్లింగులో ఒక్క అక్షరమే తేడా; విని రాసుకునేటప్పుడు జాగ్రత్తగా చూసుకో.

వాక్యం చేతికి రాగానే, దేన్ని మారుస్తున్నారు, ఎవరు మారుస్తున్నారు, ఎవరి ఒప్పుకోలుతో అన్నవి ముందుగా తేల్చుకొని, ఆ తరువాతే తెలుగు మాట ఎంచుకో.

ఇట్లు,
మీ మామయ్య